నాన్న లారీ వైర్లకు అమ్మ కట్టిన ముడులు

నాన్న రబ్బరు ఎస్టేటు వర్క్‌షాపులో బాగుచేసిన పాత లారీ ఇప్పుడు బంటింగ్ ఊళ్లో మా ఇంటి ముందుంది. సిగ్నల్ వైర్లు మార్చడానికి ఈ ఉదయం నల్ల టేపు విప్పాను. గ్రీజూ రబ్బరూ కలిసిన ఆ వాసన! మన ఎస్టేటు పిల్లలమంతా లారీ వెనకెక్కి బడికి వెళ్లినవాళ్లం కదా, మీకూ గుర్తుండే ఉంటుంది.

టేపు కింద వైర్లకు చీర దారాలు కట్టి ఉన్నాయి. ఎడమ సిగ్నల్‌కు ఒక ముడి, కుడికి రెండు, పక్క లైట్లకు మూడు.

"ఏటక్కా ఈ పాత దారాలు? కోసేద్దాం లా," అన్నాడు తమ్ముడు, మలయ్ వాళ్లలా చివర 'లా' చేర్చి.

"ముట్టుకోకు!" అని కసిరాను. అవి కట్టినప్పుడు వాడు ఉయ్యాల్లో ఉన్నాడు, వాడికేం తెలుసు?

నాన్నకు ఎరుపూ పచ్చా తేడా తెలిసేది కాదు. ఆ సంగతి బయటపడితే పని పోతుంది. అందుకే మధ్యాహ్నం అన్నం క్యారియర్‌తో వచ్చిన అమ్మ, రంగులు చూసి ముడులు వేసేది. ఎవరైనా వస్తున్నారేమోనని నేను గుమ్మంలో కాపలా.

"కళ్లు మోసం సేస్తాయి గానీ ముడి మోసం సెయ్యదే," అనేవాడు నాన్న. ఆయన చేతిలో పడ్డ ఏ లారీకీ తప్పు వైపు లైటు వెలగలేదు.

నాకు రంగులు బాగానే కనిపిస్తాయి. అయినా కొత్త వైర్లకూ అమ్మ చీర దారమే కట్టాను. ఈ సంగతంతా విన్నాక, మూడో ముడి తమ్ముడు వేశాడు.