పాములో నా సగం

మా తమ్ముడికీ నాకూ కలిపి ఒక జత పాములున్నాయి. విషం లేని చిన్నరకం కొండచిలువలు. అవి ఉండేది మలేషియాలోని జొహోర్‌లో, వాడింట్లో. నేనుండేది సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో, పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో. సింగపూర్‌లో ఇళ్ళలో పాముల్ని పెంచనివ్వరు కాబట్టి లైసెన్సు వాడి పేరునే ఉంది. కొన్న ఖర్చు చెరిసగం, మేత ఖర్చు చెరిసగం, వాటికి పుట్టే పిల్లలు చెరిసగం అనుకున్నాం. అనుకున్నామంతే, రాసుకోలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య కాగితాలేమిటని నేనే అన్నాను. నా తెలివి అలా తెల్లారింది.

మేమిద్దరం పుట్టింది జొహోర్‌లోనే. నేను ఉద్యోగానికొచ్చి ఇక్కడ ఉండిపోయాను. వాడు ఇప్పటికీ రోజూ మోటార్‌సైకిల్ మీద సరిహద్దు వంతెన దాటి సింగపూర్ వచ్చి, పనిచేసి, తిరిగి వెళ్తాడు. నేను నెలకో శనివారం బస్సు వరసలో కాళ్ళు పీక్కుపోయేలా నిలబడి వెళ్ళి, పాముల్ని చూసొస్తాను. ఆడదాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుంటే ఆఫీసు చాకిరీ కొంత మరిచిపోతాను.

పోయినేడు అది ఆరు గుడ్లు పెట్టింది. గుడ్లకి ముందు కొన్నాళ్ళూ, చుట్ట చుట్టుకుని పొదిగినన్నాళ్ళూ ఏమీ తినలేదు. వెన్నెముక బయటపడింది. నాకు చూడబుద్ధి కాలేదు. మునుపటి బరువుకి వచ్చేదాకా మళ్ళీ మగదానితో కలపకూడదని ఒప్పుకున్నాం. తమ్ముడు ప్రతి ఆదివారం తూకం ఫోటో పంపేవాడు. అంకె పెరుగుతూ వచ్చింది, నేనూ సంతోషించాను.

ఒకరోజు మా ఆఫీసున్న వన్-నార్త్ నుంచి రైల్లో నిలబడి వస్తూ ఆ ఫోటోలన్నీ వరసగా చూశాను. మొదటి వాటిలో పాము పల్చటి గుడ్డసంచిలో ఉంది. తర్వాతి వాటిలో ప్లాస్టిక్ డబ్బాలో, ఆపైన మూతతో సహా ఇంకా పెద్ద డబ్బాలో ఉంది. పెరిగింది పాము కాదు, డబ్బా.

మర్నాడు వాడి డ్యూటీ అయ్యాక మా బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నాను.

“డబ్బా బరువు తీసేశావా?”

వాడు కాఫీ కలుపుతూనే ఉన్నాడు. “తియ్యలేదక్కా.”

“తెలిసేనా?”

“తెలిసే. వచ్చే వారం కలిపేద్దామనుకున్నాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనం తింటున్నారని కూడా చూడకుండా అరిచాను. సగం నాది, నేను ఒప్పుకోను అన్నాను.

“సగం నీదేలే. పట్టుకుపో. నీ ఫ్లాట్లో పెట్టుకో.”

పట్టుకుపోలేనని వాడికి తెలుసు.

“నాలుగేళ్ళలో దాని డబ్బా ఒక్కపాలైనా కడిగావేటి?” అన్నాడు, గొంతు పెంచకుండానే. “ఈసారి పిల్లల్ని అమ్మితే జొహోర్‌లోనే ఒక షాపుకి అడ్వాన్సు కట్టి, ఈ వంతెన మానేద్దామనుకున్నాను. నాలుగింటికి లేచి వానలో బండి తొయ్యడం ఇంక నా వల్ల కాదక్కా.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?”

“నువ్వు ఫోన్ చేస్తే దాని బరువే అడుగుతావు కదా.”

వాడి కళ్ళ కింద నలుపు అప్పుడు చూశాను. సిగ్గేసింది. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. ఎముకలు తేలిన పాము మీద షాపు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. వాదించే ఓపిక ఇద్దరికీ లేదు. చివరికి ఈ ఏడు కలపనని వాడు మాటిచ్చాడు.

నేను గెలిచాను. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. షాపు అడ్వాన్సు నేనిస్తానన్నాను, తిరిగివ్వక్కర్లేదని కూడా అన్నాను.

తమ్ముడు హెల్మెట్ తీసుకుని లేచాడు. “వద్దక్కా,” అన్నాడు. “అప్పుడు షాపులోనూ సగం నీదైపోద్ది.”