జెండాలకు పెట్టిన బువ్వ

నా చిన్నప్పుడు రాప్తాడు దగ్గరి మా ఊళ్లో వరి అన్నమంటే పండగనాటి మాట. మిగతా రోజుల్లో రాగి సంగటో, జొన్నరొట్టో. వానలు మొహం చాటేసిన ఏడాది అవి కూడా ఒక పూటే. అలాంటి ఒక ఏడాది, పంద్రాగస్టుకు ముందురోజు, పక్కింటి అక్క పిల్లలందరినీ వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి కాగితం జెండాలు చేయించింది.

అక్క ఏడో తరగతి దాకా చదివింది. మా కళ్లకు ఆమే పెద్ద పండితురాలు. మూడు రంగుల కాగితాలు కత్తిరించడం ఆమె పని, అంటించడం మా పని. బంక కొనే స్తోమత ఎవరికీ లేదు కనుక పిడికెడు బియ్యం మెత్తగా వండి ఒక గిన్నెలో పెట్టింది. రెండు మెతుకులు నలిపి రుద్దితే కాగితం అంటుకునేది. మేము అంటిస్తుంటే, స్వాతంత్ర్యం కోసం జైల్లో అన్నం మానేసిన వాళ్ల కథ ఆమె పుస్తకంలోంచి చదివి వినిపించింది. మర్నాడు బడిలో అందరి ముందూ ఆ కథలో ఒక పేజీ నేనే చదవాలని, అయ్యవారిని కూడా ఒప్పించానని అంతకుముందే చెప్పింది. ఆ సంబరంతో నాకు వారం రోజులుగా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

గిన్నె నా ఒళ్లో పెట్టడమే అక్క చేసిన పొరపాటు. అమ్మ తెల్లారకముందే కలుపు కూలికి పోయింది. పొద్దున్నించి నా కడుపులో ఏమీ పడలేదు. జెండాకు రెండు మెతుకులు, నోటికి నాలుగు. కథలో వాళ్లు అన్నం ముట్టబోమంటున్నారు, నేనేమో గిన్నె అడుగు గీరుతున్నాను. సగం జెండాలు ఇంకా అంటించనే లేదు.

"మెతుకులన్నీ యాడికి పోయినాయి?" అంది అక్క.

పిల్లలంతా నన్నే చూశారు. ఇక ఆ పేజీ నాకు దక్కదని ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే తిన్న్యా, అక్కా" అన్నాను.

"పొద్దున ఏం తిన్న్యావే?" అనడిగింది. తల అడ్డంగా ఊపాను. ఆమె లేచి లోపలికి పోయింది. బెత్తం తెస్తుందనుకుని బిక్కచచ్చిపోయాను. చాలాసేపటికి రెండు గిన్నెలతో వచ్చింది. ఒకదాంట్లో ఉడికించిన జొన్నపిండి, ఇంకోదాంట్లో మజ్జిగ కలిపిన అన్నం.

"జెండాలకు జొన్నపిండి సాలు. బువ్వ పిల్లోళ్లకి" అని అందరి చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టింది. నాకు రెండు. ఆ బియ్యం వాళ్లు చవితి పండక్కని దాచుకున్నవని తర్వాత అమ్మ చెప్పింది.

మర్నాడు తెల్ల పట్టీల మీద పిండి మరకలతోనే మా జెండాలు రెపరెపలాడాయి. పేజీ నేనే చదివాను. అన్నం ముట్టలేదన్న చోట ఆగిపోయాను. అక్క వైపు చూసి మళ్లీ అందుకున్నాను.

ఇప్పుడు మా వీధి పిల్లలు జెండాలు చేసేది మా ఇంట్లోనే. అంగట్లో బంక సీసాలకు కొదవ లేదు. కథ చదివేది నేను. అయినా కత్తెర ముట్టకముందే అందరికీ అన్నం ముద్ద పెడతాను. "ఆకలిగా లేదవ్వా" అని మూతి ముడిచేవాళ్లే ఎక్కువ. ఏ ఏడాదైనా ఎవరో ఒకరు మాత్రం రెండోసారి చెయ్యి చాపుతారు. ఆ చెయ్యి కోసమే వండుతాను.