రేసుకు పోగులు వేసిన మరియమ్మక్క

మొన్న ఆదివారం సాయంత్రం అలైన్‌మెంట్ కోసం కారు ఇచ్చిన ఒకాయన మా షెడ్డు బల్ల మీద కూర్చుని ఫోన్లో కారు రేసు చూస్తున్నాడు. ఆ చిన్న స్పీకరులోంచి వస్తున్న ఇంజన్ల శబ్దం సీసాలో చిక్కుకున్న కందిరీగ రొదలా ఉంది. పానా చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఒకప్పుడు అదే శబ్దాన్ని ఇదే కొత్తకోటలో, హైవే పక్కన మరియమ్మ హోటల్ రేకుల కింద వినేవాళ్లం. రేకులు అదిరేవి. మూకుడులో మిర్చిబజ్జీలు వేగే చప్పుడు, బయట లారీల హారన్లు, వాటన్నిటి మీదుగా ఆ ఇంజన్ల అరుపు. పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో చెప్పాల్సి వచ్చేది.

మరియమ్మ గురించి ఈ హైవే మీద ఒక మాట తిరుగుతోంది. అందరూ డబ్బు వేసుకుని కొన్న రేసు పాస్‌వర్డును ఆమె ఒక ధాబాకు అమ్ముకుందని. టీ తాగడానికి ఆగిన డ్రైవర్లు ఆ మాటను కర్నూలు దాటించి బెంగళూరు దాకా మోశారు. అది అబద్ధం. ఆమె ఎవరికీ ఏమీ అమ్మలేదు. ఆమెను చూడనివాళ్లు కూడా ఆ మాటను నమ్ముతున్నారు కాబట్టి, ఆమె ఎలాంటి మనిషో, అసలు ఏం జరిగిందో రాయడం నా పని.

మరియమ్మక్క మా వైపు చాలామందిలాగే కూలికి దేశాలు తిరిగిన మనిషి. ఈ రోడ్డును వెడల్పు చేసే రోజుల్లో కంకర తట్టలు మోసింది. ఆ కూలి డబ్బులతోనే అదే రోడ్డు పక్కన నాలుగు రేకులు వేసి టీ పెట్టింది. రోడ్డు గురించి ఎవరు మాట్లాడినా, "ఈ రోడ్డు నా నెత్తి మీదికెల్లే వచ్చింది" అనేది. నేను వనపర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఒక సేటు దగ్గర మెకానిక్కుగా పనిచేస్తూ, రెండు పూటలా ఆమె దగ్గరే తినేవాణ్ని. సొంతంగా షెడ్డు పెట్టాలని ఉండేది, ధైర్యం ఉండేది కాదు. ఒక రోజు అన్నం వడ్డిస్తూ ఆమె అన్న మాట నాకు బాగా గుర్తు. "జీతానికి ఉంటె తప్పంత సేటుది అయితది సీనూ. నీ షెడ్డు నువ్వు పెట్టుకో. తప్పు నీ మీదికొస్తది, అప్పుడు పని వస్తది." ఆ వేసవి దాటకముందే షెడ్డు పెట్టాను. మొదటి బోర్డు ఆమె హోటల్ గోడకే కట్టాను.

ఆదివారాల రేసు మెకానిక్కుల వల్ల మొదలైంది. కేబుల్లో వచ్చే స్పోర్ట్స్ ఛానల్ అది, దానికని విడిగా ఏమీ కట్టేది లేదు. ఆమెకు డ్రైవర్ల పేర్లు పట్టేవి కావు. మేము కార్లను చూస్తుంటే ఆమె రోడ్డును చూసేది. కార్లను చూడక్కా అని నేనంటే నవ్వేది. "కార్లు వస్తయ్, పోతయ్. ఆ రోడ్డు జూడు, ఎంత సాపుగ ఏసిండ్రో. ఏసినోళ్లను ఒక్కసారన్న చూపిస్తలేరు." వాన పడితే మాత్రం ఆమె పొయ్యి వదిలి టీవీ ముందుకొచ్చి, ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో చెప్పేది. కొన్నిసార్లు నిజమయ్యేది, కొన్నిసార్లు కాదు. కానప్పుడు, ఏసినోడు దొంగ కంట్రాక్టరు అనేది.

తర్వాత రేసు కేబుల్లోంచి పోయింది. ముందు విడి ప్యాకేజీ అన్నారు, ఆ పైన కేబుల్లోనే రాదు, యాప్‌లో ఏడాదికి ఒకేసారి కట్టి చూడాలన్నారు. బ్యాటరీలు బాగుచేసే ఖాజా భాయ్ ఆ రేటు విని, అంత పెడితే ఇంట్లో తనను అడుగు పెట్టనియ్యరన్నాడు. ఎక్కడో దొంగ లింకు ఒకటి పట్టుకొచ్చాడు. బొమ్మ కంటే జూదం ప్రకటనలే ఎక్కువ కనిపించాయి, గెలిచేవాడు గీత దాటేముందే అది ఆగిపోయింది. మరియమ్మక్క ఆ ఫోనును తిరిగి అతని చేతిలోనే పెట్టి, దొంగ సొమ్ము తన హోటల్లో వద్దంది. ఆ వారమే ఆమెకు ఆలోచన వచ్చింది.

మా వైపు పోగులు వేయడమని ఒక పద్ధతి ఉంది. ఒక్క ఇంటివాడు యాటను, అంటే గొర్రెనో మేకనో, కొనలేడు. పది ఇళ్లవాళ్లు కలిసి కొని, కోయించి, మాంసాన్ని ఆకుల మీద సమానంగా కుప్పలు వేసి పంచుకుంటారు. ఒక్కో కుప్ప ఒక పోగు. "ఒక్కోనికి యాట కొనే తాకత్ లేదు. అయినా కూర తింటలేమా? రేసుకు గూడ గట్లనే పోగులేద్దాం" అంది. ఖాజా భాయ్ రెండు పోగులు తీసుకున్నాడు. నెలకొకసారి ఇటు వచ్చే ఒక లారీ డ్రైవరు, చూసేది నాలుగైదు రేసులే అని తెలిసీ ఒక పోగు పట్టాడు. పోగు ఉన్నవాళ్లకు బల్ల, దారిన పోయేవాళ్లు నిలబడి చూడొచ్చు. ఆమెకు అక్షరాలు అంతగా రావు కాబట్టి యాప్ పెట్టింది, పాస్‌వర్డు కొట్టింది నేను. అది ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది మొదటి రేసులు పండగలా నడిచాయి. ఇక్కడే నేను తప్పు చేశాను. అప్పుడు అది తప్పని నాకు తోచలేదు. పోగు ఇంటికి తెచ్చుకున్నాక అది మనదే. అందులోంచి ఒక గిన్నె అత్తగారింటికి పంపితే ఎవరూ అడగరు. పెబ్బేరులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న మా బామ్మర్ది యాదగిరి, తనకు కూడా చూపించమని అడిగితే, నా పోగే కదా అని పాస్‌వర్డు చెప్పేశాను. కూర పంచితే గిన్నెలో తగ్గుతుంది, అందుకని మనిషి చూసుకుని పంచుతాడు. ఇది తగ్గదు. యాదగిరి దాన్ని ధాబా నడిపే తన దోస్తుకు ఇచ్చాడు. ఆ దోస్తు ఇంకెవరికిచ్చాడో వాడికే తెలియదు.

అందరూ ఎదురుచూసిన పెద్ద రేసు రోజున టీవీ పెడితే బొమ్మకు బదులు ఒక నోటీసు వచ్చింది. ఈ ఖాతాను చాలా చోట్ల వాడుతున్నారు, అందుకని ఆపేశాం అని. హోటల్ కిక్కిరిసి ఉంది. ఇంతలో ఆ పోగు పట్టిన లారీ డ్రైవరే ఫోను చేసి, పెబ్బేరు దగ్గర ధాబాలో గోడ టీవీలో మన ఖాతా పేరుతోనే యాప్ పెట్టారని, వాళ్లకూ ఇదే నోటీసు వచ్చిందని చెప్పాడు. ఆ ధాబాతో మరియమ్మక్కకు నూనె డబ్బాల బేరం ఉంది. ఎవరూ ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది.

ఖాజా భాయ్ ఆమెను సూటిగా అడిగాడు. "అక్కా, మా పోగులు ఎంతకు అమ్మినవ్?"

ఆమె నా వైపు చూసింది. ఆ పాస్‌వర్డు ఇద్దరికే తెలుసన్నది ఆ చూపులో ఉంది. అందరూ నా వైపు తిరిగారు, నన్ను అనుమానించి కాదు, నేను సాక్షినని. ఆమె ఇచ్చి ఉంటుందా అని నన్నే అడిగారు.

"ఏమో" అన్నాను.

నేను చెప్పిన అబద్ధం ఆ ఒక్క మాటే. అది చాలింది.

యాట చెడితే కోయించినవాళ్లదే పూచీ అని మా దగ్గర ఒక నియమం. ఆ వారంలో మరియమ్మక్క ఎవరి పోగు డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. చూసిన రేసులకు కూడా పట్టుకోలేదు. ఊళ్లో దాన్నే రుజువుగా తీసుకున్నారు, తప్పు చేయనిది ఎందుకు తిరిగిస్తుందని. నా డబ్బు కూడా నా చేతిలో పెట్టింది. వద్దంటే ఎందుకని అడుగుతారేమోనని తీసుకున్నాను. నా జీవితంలో దానికంటే నీచమైన పని చేయలేదు.

ఆదివారాలు ఆమె బల్లలు ఖాళీ అయ్యాయి. కొన్ని నెలలు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం ఆమె గ్లాసులు కడుగుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. యాదగిరి సంగతి మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"గది నాకెందుకు చెప్తున్నవ్ సీనూ? నేను అమ్ముకోలేదని నాకు తెల్వదా?"

మరి ఆ రోజే నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే ముచ్చట తెగుతది. పో, తెల్వనోళ్లకు చెప్పు." తర్వాత, నేను కదలకపోతే, "టీ తాగి పో" అంది.

వచ్చే ఆదివారం చెప్తాననుకున్నాను. ఆ ఆదివారం షెడ్డులో పని పడింది. ఆ తర్వాత ఇంకేదో. వానాకాలంలో ఆమెకు కడుపులో నొప్పి మొదలై, దవాఖానకు తీసుకుపోయేసరికే ముదిరిపోయిందన్నారు. చర్చి వెనక సమాధుల దగ్గర ఖాజా భాయ్ తన చేతులతో మట్టి వేసి, కళ్లు తుడుచుకుని నాతో అన్నాడు. "ఎంత మంచి మనిషి. ఆ ఒక్క పని చేయకుంటే బాగుండు." అప్పుడైనా చెప్పాల్సింది. సమాధి దగ్గర గొడవ ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నలభై రోజుల ప్రార్థన అయ్యాక, అందరినీ మా షెడ్డుకు పిలిచి నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఖాజా భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ దిల్ పెద్దది సీను భాయ్. పోయినామె మీది మాట నీ మీద ఏసుకుంటున్నవ్." మిగతావాళ్లు కూడా తలలూపారు. అబద్ధంతో ఒకసారి మంచివాణ్నయ్యాను, నిజం చెప్పి మరోసారి మంచివాణ్నయ్యాను. ఆమె మాత్రం ఎక్కడిదక్కడే దొంగగా ఉండిపోయింది. నిజానికి కూడా గడువు ఉంటుందని, దాటిపోతే దాన్ని జనం మర్యాద కింద తీసుకుంటారని నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ మర్నాడే పెబ్బేరు పోయాను. ధాబాకు ఇచ్చింది తనేనని బయటపడితే దుకాణం నడవదని యాదగిరి మొండికేశాడు. నా షెడ్డు కూడా నడవకపోవచ్చన్నాను. అతని అక్క, అంటే నా భార్య, నాతో వచ్చి పక్కనే ఉంది. "మీ ఇద్దరి దుకాణాల కోసం ఆమె మట్టిల గూడ దొంగగ పండాల్నా తమ్మీ?" అని ఒక్కటే అడిగింది. ఆ తర్వాతి ఆదివారం యాదగిరి మా షెడ్డుకు వచ్చాడు. ఎవరు ఇచ్చారో, తను ఎవరికి ఇచ్చాడో అందరి ముందూ చెప్పాడు, ధాబా దోస్తుకు ఫోను కలిపి వాడి చేత కూడా చెప్పించాడు.

ఖాజా భాయ్ సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. ఇప్పటికీ మా షెడ్డు ముందు ఆగడు. తన గిరాకీలను కొత్తగా పెట్టిన ఇంకో అలైన్‌మెంట్ షెడ్డుకు పంపుతున్నాడు. నేను అతన్ని తప్పుపట్టను. తను అన్న మాటకు తను బాధపడుతున్నాడు, ఆ మాట అనిపించింది నేను. ఇప్పుడు కొత్తకోటలో మరియమ్మ పేరు శుభ్రంగా ఉంది. హైవే మీద ఇంకా కాలేదు, దానికే ఈ రాత.

మొన్న ఫోన్లో రేసు చూస్తున్నాయన కారును నేను దించి తాళం చెవి ఇవ్వబోతుంటే, ఆయన బిల్లు కడుతూ నన్ను ఎగాదిగా చూశాడు. దారిలో షెడ్డు ఎక్కడని అడిగితే బస్టాండు దగ్గర ఎవరో ఒక పేరు చెప్పి, నవ్వి చూపించారట.

"పాస్‌వర్డు సీను అంటే మీరేనా?"

"నేనే" అని, తాళం ఆయన చేతిలో పెట్టాను.