ఎస్తేరమ్మ గారు నా నెత్తిన పెట్టిన ఏడో మాట

నిన్న స్టాఫ్‌రూంలో లెక్కల టీచర్ సుజాత గారు జంతికల డబ్బా మూత తీశారు. వాము వాసన గుప్పుమంది. నేను దిద్దుతున్న పేపర్లు అలాగే వదిలేసి, ఆవిడ పిలవకుండానే వెళ్ళి నాలుగు తీసుకున్నాను. "ఏంటండీ నిర్మల గారూ, పొద్దున టిఫిన్ తినలేదా?" అని నవ్వారు. శుభ్రంగా తిన్నాను. కాని వాము వాసన తగిలితే నాకు ఎస్తేరమ్మ గారు గుర్తొస్తారు, ఆవిడ గుర్తొస్తే అడిగి తినడానికి సిగ్గు పోతుంది. ఆవిడ కొంగున ఎప్పుడూ చిటికెడు వాము ముడేసి ఉండేది. ఎండన పడి నడిచేటప్పుడు రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలేవారు. ఈ సామర్లకోటలో ఆవిడను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే రాస్తున్నాను. మాట్లాడమంటే నాకు కష్టం గాని, రాయమంటే నన్ను ఆపడం కష్టం.

ద్రాక్షారామం దాటి కొంత దూరం వెళితే కాలువ గట్టున మా ఊరు. ఎస్తేరమ్మ గారు మా చర్చి బైబిలమ్మ. ఆదివారం అయ్యగారు వాక్యం చెబితే, మిగతా ఆరు రోజులూ ఇల్లిల్లూ తిరిగి మంచీ చెడూ కనుక్కుని ప్రార్థన చేసి వచ్చే మనిషన్న మాట. అరవై దాటిన వయసు, తెల్లచీర, చంకలో సంచి, సంచిలో బైబిలు. గొడుగుండదు, మంచినీళ్ళ సీసా ఉండదు, అన్నం కేరేజీ అసలే ఉండదు. "ఆవిడ విశ్వాసం సంగతేమో గాని, తడిసి వచ్చినప్పుడల్లా తువ్వాలు నేనివ్వాలి" అని మా అమ్మ సణుగుతుండేది. సణుగుతూనే అల్లం టీ పెట్టి ఇచ్చేది.

ఒక వేసవిలో తోడు రమ్మంటే ఆవిడ వెంట పొరుగూరు వెళ్ళాను. అక్కడ సూర్యకాంతం గారని ఒక రైతు భార్య. వాళ్ళు హిందువులే, ముందు గదిలో వెంకటేశ్వరస్వామి పటానికి దండ వేసి ఉంది. ఈనిన గేదె పాలివ్వడం లేదని ఆవిడ దిగులు. ఎస్తేరమ్మ గారు తిన్నగా పాకలోకి వెళ్ళి గేదె వీపు మీద చెయ్యి వేసి, "ప్రభువా, దీని కష్టమేంటో నీకు తెలుసు, నాకు తెలీదు" అని మొదలుపెట్టి, దూడను కూడా కలిపి ప్రార్థన చేశారు. నాకు నవ్వు ఆగలేదు. ఆమేన్ అనగానే సూర్యకాంతం గారి వైపు తిరిగి, "పశువుల డాక్టరు గారికి కబురు పెట్టండమ్మా. ఆయన్ని పంపించేదీ ఆ పైవాడే" అన్నారు. ఆ వెంటనే, "ఇంతకీ ఏం కూరండి ఈ పూట?" అని అడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సూర్యకాంతం గారు మాత్రం సంబరంగా పీటలు వేశారు. భోజనాలయ్యాక ఎస్తేరమ్మ గారు సంచిలోంచి బైబిలు తీసి ఆవిడకే ఇచ్చి, "మీరు చదవండమ్మా, నేను వింటాను" అన్నారు. ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. ఎదుటివాళ్ళ చేత చదివిస్తే వాళ్ళకు వంటబడుతుందని ఆవిడ ఎత్తుగడ కాబోలు అనుకునేదాన్ని.

ఇక నా సంగతి. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. అన్ని మాటలకూ కాదు, 'త'తో మొదలయ్యే మాట వస్తే నాలుక పళ్ళకు అంటుకుపోతుంది. దానికి నేనే ఒక వైద్యం కనిపెట్టాను: ఆ మాట వాడకపోవడం. తమ్ముడిని మావాడు అనేదాన్ని. కొట్టుకు తేనె కోసం వెళ్ళి బెల్లం కొనుక్కొచ్చేదాన్ని. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు శనివారం తాళ్ళరేవులో మా పిన్ని ఇంటికి వెళ్ళాలంటే ఆ ఊరి పేరు నోట రాక, ఇంకా అవతలున్న యానాంకి టికెట్టు కొని తాళ్ళరేవులో దిగిపోయేదాన్ని. "యానాం వెళ్ళేవాళ్ళు ఎవరూ మధ్యలో మనసు మార్చుకోరమ్మా, నిన్నే చూశాను" అన్నాడు ఒక కండక్టరు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంటికెళ్ళి ఏడ్చాను. ఎవరేం సాయం చేస్తామన్నా నా జవాబు ఒకటే: నేను చూసుకుంటాను.

బీఈడీలో చేరాక మాత్రం చూసుకోవడం కుదరని రోజు ఎదురైంది. ఈస్టరు దాటాక టీచింగ్ ప్రాక్టీసు. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి, వెనక బెంచీలో లెక్చరర్ కూర్చుని మార్కులు వేస్తారు. టీచర్ కావాలన్నది నా చిన్నప్పటి కోరిక. కాని పాఠంలో ఉన్న మాటలను మార్చి చెప్పడం ఎలా? చదువు మానేసి, నోరు విప్పనక్కర్లేని ఆఫీసు పని ఏదైనా వెతుక్కుందామని లోలోపల తేల్చేసుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పుడొచ్చింది ఆ మంచి శుక్రవారం. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఆ మధ్యాహ్నం ఏడుగురు ప్రసంగించడం మా చర్చిల్లో ఆనవాయితీ. ఏడో మాట చెప్పాల్సిన పెద్దాయనకు పది రోజుల ముందే జ్వరం తగిలింది. అయ్యగారు ఎవరికివ్వాలా అని చూస్తుంటే ఎస్తేరమ్మ గారు, "మన నిర్మల చెబుతుందండి" అనేశారు. నన్ను అడగనైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడో మాట అంటే ఏంటి? తన ప్రాణాన్ని తండ్రి చేతుల్లో పెట్టిన మాట. మొదటి పలుకే తండ్రీ అనే పిలుపు.

కాదనడానికి పౌరుషం అడ్డొచ్చింది. వారం రోజులు కూర్చుని పన్నెండు పేజీలు రాశాను, ఒక్క 'త' మాట లేకుండా. గురువారం పొద్దున నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ తన గది గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. మొత్తం చదివి వినిపించాను. ఎక్కడా ఆగలేదు.

"చాలా బాగుందమ్మా" అన్నారు ఎస్తేరమ్మ గారు. "సృష్టికర్త అన్నావు, పరలోక ప్రభువు అన్నావు, సర్వాధికారి అన్నావు. పాపం ఆయన తండ్రీ అని పిలిచాడు గదా, నువ్వు ఒక్కసారీ పిలవలేదేంటి?"

నేను పుస్తకం మూసేశాను. "నాకు ఆ మాట రాదని మీరెరగరా ఏంటండీ?"

"మరి ప్రార్థన చేశావా?"

"దేనికండి? నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటున్నావు గనకే పన్నెండు పేజీలైంది."

అంతే, నాకు ఉక్రోషం పొంగుకొచ్చింది. ఆరో తరగతిలో నన్ను ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళి నూనె రాయించారనీ, నెలల తరబడి మోకాళ్ళ మీద అడిగాననీ, నత్తి పోలేదనీ, ఆనాటి నుంచి ఈ విషయంలో దేవుడిని ఇబ్బంది పెట్టడం మానేశాననీ గడగడా అనేశాను. గడగడా అంటే నా పద్ధతిలో. అందులో 'త' మాటలు బోలెడు తగిలాయి. ఆవిడ చింతపండు పక్కన పెట్టి, నేను ఆగిన ప్రతిచోటా తనూ ఆగి, పూర్తిగా విన్నారు.

"పోగొట్టమని అడిగావు. తోడుండమని ఎప్పుడైనా అడిగావా తల్లీ?"

 ఆవిడ చింతపండు మళ్ళీ ముందుకు లాక్కుని, గొంతు తగ్గించి, "నాకు చదువు రాదమ్మా" అన్నారు. "సంతకం వరకే. అక్షరాలు కూడబలుక్కునేసరికి వాక్యం చల్లారిపోద్ది. ఈ పని ఇచ్చిన రోజున అయ్యగారికి చెప్పేశాను. అప్పటి అయ్యగారు నవ్వి, చదివేవాళ్ళు ఏ ఇంట్లోనైనా ఉంటారు, వెళ్ళు అన్నారు. గుమ్మం ఎక్కే ముందు నాకు రోజూ భయమే. రోజూ ప్రభువుని అడిగే లోపలికెళ్తాను, ఇంట్లోవాళ్ళని అడిగే చదివించుకుంటాను. అన్నీ నాకొచ్చి ఉంటే సూర్యకాంతం గారు బైబిలు ముట్టుకునేవారా చెప్పు?"

మరునాడు మందిరం కిక్కిరిసిపోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మూడింటికి ముగియాల్సిన ఆరాధన. మూడో మాటాయన నాలుగు, ఐదు మాటలు కూడా ఆయనే చెప్పేశారు. దప్పిక గురించి చెప్పాల్సిన ఐదో ఆయన గ్లాసు మీద గ్లాసు మంచినీళ్ళు తాగుతూ, ఉపవాసం ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ తోడేశారు. నా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది.

నోటుపుస్తకం తెరిచాను. దాంట్లో రాసినట్టే దేవుడు అనేస్తే సరిపోయేది, మాట నాలుక చివరే ఉంది. తల ఎత్తి, "త..." అన్నాను. ఆగిపోయింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎక్కడో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, ఎవరో కసిరారు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. నా పేజీలు, నా తెలివి, నా కిటుకులు ఏవీ ఆ క్షణాన పనికిరాలేదు. తోడుండు అని లోపల అడిగాను. ఈ విషయంలో ఏళ్ళ తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అది. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఎస్తేరమ్మ గారు నన్నే చూస్తూ, పక్కింటి మనిషితో మాట్లాడినంత మామూలుగా, "ఆగి చెప్పమ్మా. ఆయనకేం తొందర లేదు" అన్నారు.

తండ్రీ అన్న మాట మూడు ముక్కలుగా వచ్చింది. వచ్చింది.

పుస్తకం మూసి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ మాట పలకలేక పన్నెండు పేజీలు రాసుకొచ్చానని, ఇన్నేళ్ళూ నన్ను నేనే పట్టుకుని వేలాడానని, చేతులు నొప్పి పుడుతున్నాయని, ఇక ఆయన చేతుల్లోనే ఉంటానని. పదిచోట్ల ఆగాను. పదిచోట్లా అందరూ ఆగారు. మొత్తం నాలుగు నిమిషాలు. బయటికొచ్చాక మజ్జిగ గ్లాసు పట్టుకున్న సంఘపెద్ద ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఆయ్, ఇంత చక్కటి ప్రసంగం ఈ మధ్యన వినలేదండి. మరీ ముఖ్యంగా తొందరగా అయిపోయింది" అని మెచ్చుకున్నారు. ఎస్తేరమ్మ గారు పడీ పడీ నవ్వారు. నేను బీఈడీ మానలేదు.

నత్తి పోలేదు, ఇప్పటికీ ఉంది. ఎస్తేరమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆఖరి రోజుల్లో కూడా మంచం దగ్గరికి ఎవరొచ్చినా, ఏం తెచ్చారని అడిగి మరీ తిన్నారట. ఆవిడలా గొడుగు లేకుండా తిరిగే ధైర్యం నాకు రాలేదు, అందుకే పాఠం ముందు రాత్రే రాసుకుంటాను. కాని రోజూ తొమ్మిదింటికి క్లాసు తలుపు బయట ఒక్క నిమిషం నిలబడి, లోపలికి వెళ్ళే ముందు ఆయన్ని పిలుస్తాను. సులువైన పేర్లు చాలా ఉన్నాయి, నాకు తెలిసినన్ని ఎవరికీ తెలియవు. అయినా నేను తండ్రీ అనే అంటాను. అది ఒక పట్టాన రాదు. లోపల పిల్లలు గోల చేస్తుంటారు, గంట కొట్టేసి ఉంటారు. వచ్చేదాకా నేను వెళ్ళను.