బతికున్న సరంగుకి అగరొత్తులు

కొహమ రేవులో మగవాళ్ళ గడ్డాలన్నీ టోకియె చేతి మీదుగానే వెళ్ళేవి. భర్త పోయాక సెలూన్ మూసేస్తుందని అందరూ అనుకున్నారు గానీ, ఆమె బోర్డు మీద ఆయన పేరు కూడా మార్చకుండా అదే కుర్చీలో, అదే కత్తితో పని సాగించింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం రేవు దాటి పడవల్లోకి వినిపించేది.

సునామీ రక్షణ సంఘానికి ఆమె పెద్ద కావడం కూడా విచిత్రమే. సమావేశానికి రానివాళ్ళ నెత్తిన పదవి పెట్టడం ఆ ఊరి అలవాటు. ఆ రోజు ఆమె పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్ళింది. బుగ్గ వాచి తిరిగొచ్చేసరికి గుమ్మంలో పసుపుపచ్చ హెల్మెట్టు, చేతి మైకు పెట్టి ఉన్నాయి. నోట్లో దూది ఉండటంతో ఆమె కాదనలేకపోయింది. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని ఊరు తేల్చేసింది.

అయితే ఒకసారి నెత్తిన పడ్డాక టోకియె దేన్నీ ఊరికే మోసే రకం కాదు. అల వచ్చినట్టు చేసిన మొదటి రిహార్సల్లో సైరన్ మోగితే కొండ మీది గుడికి చేరినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. వాళ్ళలో ఒకావిడ ముల్లంగి ఊరగాయ జాడీ ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగి రొప్పుతూ వచ్చింది. మిగతా ఊరు టీవీ ముందు కూర్చుని సైరన్ గోలకి శబ్దం పెంచుకుంది.

ఆ మర్నాటి నుంచి టోకియె గడ్డం గీసేటప్పుడు, కత్తి సరిగ్గా గొంతు దగ్గరికి రాగానే ఆగి, వచ్చేసారి కొండెక్కుతావా అని మెత్తగా అడగడం మొదలుపెట్టింది. ఆ స్థితిలో తల అడ్డంగా ఊపిన మగాడు లేడు. రెండో రిహార్సల్‌కి గుడి ముందు నిలబడే చోటు లేకపోయింది.

రానిది జెంజో ఒక్కడే. ఒకప్పుడు స్క్విడ్‌లు పట్టే పడవ నడిపిన సరంగు. బొడ్డుదాకా గడ్డం పెంచాడు గనక టోకియె కత్తికి లొంగే అవసరం అతనికి లేదు. సముద్రానికి అడ్డంగా ఇళ్ళకంటే ఎత్తుగా గోడ కట్టారు కదా, ఇంకా పరిగెత్తడమెందుకని అతని వాదన. అతని భార్య యొషినొ మాత్రం ప్రతిసారీ మోకాళ్ళు పట్టుకుని కొండెక్కేది.

"బాబాయ్, రానివాళ్ళని పోయినవాళ్ళ కింద లెక్కేసుకోవాలి మేము," అంది టోకియె అతని వాకిట్లో నిలబడి.

"వేసుకోమ్మా. మీ లెక్కలో పోతే నాకు ముద్ద దిగదా ఏంటి?"

టోకియె వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి నల్లబట్టల్లో తిరిగొచ్చి అతని గుమ్మం ముందు అగరొత్తులు వెలిగించింది. గిన్నె నిండా అన్నం పెట్టి, పోయినవాళ్ళకి పెట్టినట్టే అన్నం తినే పుల్లలు అందులో నిలువుగా గుచ్చింది. వెనకాలే ఊరు కదిలింది. చేపలమ్మే సావా నిజంగానే ఏడ్చింది. ఏడవడం ఆమెకి మొదటినుంచీ బాగా వచ్చు. సహకార సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి చేతులు కట్టుకుని, జెంజో మంచివాడేనని, కాకపోతే తీసుకున్న వలలు తిరిగిచ్చేవాడు కాదని నాలుగు మాటలు చెప్పాడు.

"ఇచ్చానయ్యా," అని కిటికీలోంచి జెంజో అరిచాడు. ఎవరూ తలెత్తలేదు.

ఒళ్ళు మండి సారాయి కొట్టుకి పోతే, కొట్టువాడు అతన్ని గాజు పలకలోంచి చూసినట్టు అవతలికి చూశాడు. ఒక కప్పు నింపి బల్ల మీద పెట్టి, పాపం ఆయనకి ఇదంటే ప్రాణం అని దణ్ణం పెట్టి, జెంజో చెయ్యి చాపేలోగా తనే తాగేశాడు. ఇంటికొస్తే యొషినొ వచ్చిన పరామర్శలకి వంగి వంగి జవాబు చెబుతోంది. ఆ రాత్రి భోజనం పూర్వీకుల పటాల ముందు వడ్డించింది. జెంజో తన తాత పటం పక్కన చతికిలబడి తినాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత ప్రశాంతమైన రోజు చూడలేదని ఆమె తర్వాత చెప్పుకుంది.

మర్నాడు జెంజో సెలూన్‌లోకి దూసుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"బతికున్న మనిషితో ఆడుకుంటావా?"

టోకియె తువ్వాలు మడత పెట్టింది. వెనకటి పెద్ద అలప్పుడు ఆమె భర్త పడవ కట్టేసి ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. మనిషి దొరకలేదు.

"ఆయనకి అన్నం పెట్టినరోజు పుల్లలు గుచ్చలేకపోయాను బాబాయ్. నీకు పెడుతుంటే నవ్వొచ్చింది. ఈ పని నవ్వొస్తున్నప్పుడే చేసెయ్యాలి."

జెంజో అద్దంలోకి చూసుకున్నాడు. గడ్డం చివర్లు కాస్త కత్తిరించమన్నాడు.

తర్వాతి వసంతంలో, నాచు కోతల రోజుల్లో, ఒక పొద్దున నేల ఊగింది. ఊగి ఊగి ఎంతకీ ఆగలేదు. సైరన్ మోగకముందే జనం మెట్ల మీద ఉన్నారు. జెంజో యొషినొని వీపున వేసుకుని ఎక్కాడు. పైకి చేరాక అందరికీ ఏదో వెలితిగా తోచింది. ఏమిటా అని చూస్తే, ఎవరూ వాళ్ళని తిట్టడం లేదు. టోకియె లేదు.

ఆమె సగం మెట్లెక్కి వెనక్కి తిరిగింది. దేనికీ వెనక్కి వెళ్ళొద్దని ఊరందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి, మైకు మరిచిపోయానని తనే దిగి వెళ్ళింది.

రేవులో నీళ్ళు వెనక్కి పోయి అడుగు బురద కనిపిస్తోంది. జెంజో గుడి అంచుకి వచ్చి, తుఫానులో పడవ ముందు భాగానికి వినిపించేలా కేకలేసే గొంతు తీశాడు.

"టోకియె, ఆ మైకు డబ్బా కోసం చచ్చావో, అన్నం గిన్నె నేనే తెస్తాను. వలలు తిరిగివ్వలేదని కూడా నీ మీదే చెప్తాను."

సెలూన్ గుమ్మంలో ఆమె తలెత్తింది. చేతిలోని మైకు కింద పడేసి, చెప్పులు జారిపోతున్నా ఆగకుండా మెట్లు పట్టుకుంది. ఆమె మలుపు తిరిగాక నల్లటి నీళ్ళు గోడ మీదుగా పొర్లి వీధిలోకి దిగాయి. గోడ చాలావరకు ఆపింది, అంతా ఆపలేదు. షెడ్లు కొట్టుకుపోయాయి. సెలూన్ కుర్చీ తాపీగా తిరుగుతూ రేవువైపు సాగిపోవడం అందరూ చూశారు. కొహమలో ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

యొషినొ టోకియె పాదాల్లో గుచ్చుకున్న గాజుముక్కలు తీస్తూ ఆ పూటంతా తిట్టింది. టోకియె జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పకుండా విన్నది.

కొత్త సెలూన్‌ని ఆమె కొండమీద, గుడికి కాస్త దిగువన పెట్టించింది. గడ్డానికి ఇంత ఎత్తు ఎక్కించడం అన్యాయమని మగవాళ్ళు సణిగారు. చెమటకి కత్తి జారుతుందని ఆమె ముందు కూర్చోబెట్టి అందరికీ టీ పోసేది. టీ బాగుంటుందని తెలిశాక గడ్డాలతో పనిలేని ఆడవాళ్ళు కూడా ఎక్కడం మొదలుపెట్టారు.