స్క్రూడ్రైవర్ దిగిన ఎర్ర కారు

మొన్న శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర. మా అల్లుడు శ్రీకాంత్ మనసుపడ్డ పాత స్పోర్ట్స్ కారును చూడటానికి హనుమకొండలో ఒక షెడ్డుకు వెళ్లాం. నేను నలభై ఏళ్లు కార్లకు డెంటింగ్ చేసినవాణ్ణి. అక్షరాలు మాత్రం అరవై దాటాకే వచ్చాయి.

అమ్మే సదానందం అప్పటికే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. అవి నలిగితే బండి మనదైనట్టే, ఇక వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ తొందర చూసే నాకు అనుమానం వచ్చింది. మ్యాట్ లేపితే కింద అడ్డంగా వెల్డింగ్ కనిపించింది.

"అల్లుడా, ఇది రెండు బండ్లు కోసి అతికిచ్చిండ్రు. జర గుద్దుకున్నా నడిమికి ఇరుగుతది."

"ఏ ముసలోడా, చెయ్యి తియ్!" అన్నాడు సదానందం.

నేను స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. వెల్డింగ్ పక్కన తుప్పులోకి అది పిడి దాకా దిగింది. అతను వీల్ పానా తీసి నా చేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగాయి.

ఏనాడూ గొంతు పెంచని శ్రీకాంత్ జాకీ రాడ్ అందుకున్నాడు. ఒక్క దెబ్బకు పళ్లు రాలి సదానందం కింద పడ్డాడు. రాడ్ మళ్లీ తల మీదికి లేచింది. నేను సదానందం మీద అడ్డంగా పడ్డాను.

"ముందుగాల నన్ను సంపు! నువ్వు జైలుకు పోతే నా బిడ్డ ఏం గావాలె?"

శ్రీకాంత్ చేతిలోంచి రాడ్ జారిపోయింది.

అడగకుండా పరాయివాడి బండిని పొడవడం నా తప్పే. అయినా మళ్లీ పొడుస్తాను. కానీ ఇకమీదట అల్లుణ్ణి ఇంటి దగ్గరే ఉంచి వెళ్తాను.

ఆనాడు అక్కడున్నది గట్టయ్య అనే నేను, శ్రీకాంత్, సదానందం, మా ముగ్గురినీ ఒకే ఆటోలో దవాఖానకు చేర్చిన పక్క దుకాణం యాకూబ్.