పొయ్యెక్కని నలుసు

నలుసక్క చేతిలోని గాజుపోగు వెంట్రుకంత సన్నం. దాని కొనకు జిగురు తాకించి, మైక్రోస్కోపు కింద ఉన్న గోధుమరంగు నలుసు మీదికి మెల్లగా దింపుతోంది. ఎవరైనా తుమ్మితే చాలు, అది గచ్చు పగుల్లో కలిసిపోతుంది. అదొక అరుదైన ఖనిజపు స్ఫటికం; దొరికిన పదింటిలో పాడవకుండా మిగిలింది ఈ ఒక్కటే. మిగతా తొమ్మిదీ పెద్దసారు తెలివికి బలైపోయాయి.

ఇరవై రెండేళ్ల కిందట ఈ ప్రయోగశాలలో గాజుసామాను కడగడానికి చేరిందామె. గాజు కరిగించి పోగులు లాగడం ఎవరూ నేర్పలేదు. విరగ్గొట్టుకుంటూ నేర్చుకుంది. "కంటికి కనపడని ఉద్యోగం నీది" అని ఇంట్లో మొగుడు వెక్కిరిస్తాడు. చొక్కా బొత్తాం ఊడితే మాత్రం సూది పట్టుకుని ఆమె దగ్గరికే వస్తాడు.

పెద్దసారు పేరు వెనక అరగజం డిగ్రీలున్నాయి. చేతులకు మాత్రం ఎప్పుడూ దుమ్మంటదు. నలుసులకు బంక పట్టి ఉంటే, ద్రావకంలో రెండు రోజులు నానబెడదామందామె.

"రెండు రోజులా! కొలిమిలో పెట్టు. పది నిమిషాల్లో బంక మసైపోతుంది."

"బంకతో పాటు లోపలి వరస కూడా పోదా సార్?"

"రాయమ్మా అది. వెన్నముద్ద కాదు."

రాయే. కానీ అందులో రెండు రకాల లోహపు పరమాణువులు దేని చోట అది, వరస తప్పకుండా కూర్చుని ఉంటాయి. ఎర్రగా కాలిస్తే చోట్లు మార్చుకుంటాయి. చటుక్కున చల్లారిస్తే ఆ కలగాపులగంలోనే బిగుసుకుపోతాయి. అప్పుడు స్ఫటికం అన్ని దిక్కులా ఒకేలా ఉండి, లేని సౌష్ఠవం వచ్చిపడుతుంది. తరగతిలో ఈ పాఠం చెప్పేది ఎవరనుకున్నారు? పెద్దసారే!

ఆమె సారు చెప్పినట్టే తొమ్మిదింటిని కాల్చి, చటుక్కున చల్లార్చింది. పదోదాన్ని చెప్పకుండా ద్రావకంలో వేసి ఉంచింది.

ఆ తొమ్మిదింటి ఎక్స్‌రే ఫలితం రాగానే పెద్దసారు ఎగిరి గంతేశాడు. "ఇంత గొప్ప సౌష్ఠవం ఈ ఖనిజంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు!" అంటూ గదిగదికీ తిరిగాడు. చివరికి ఆమె ముందు కాగితం పెట్టాడు. నమూనా సహజస్థితిలోనే ఉందని అందులో రాసుంది.

"సంతకం పెట్టు."

"కాల్చింది ఈ చేత్తోనే సార్. కాల్చలేదని ఇదే చేత్తో రాయమంటారా?"

"అతికించేదానివి, నువ్వా నాకు చెప్పేది? సాయంత్రంలోగా సంతకం పడకపోతే మళ్లీ గాజుసామాను కడుక్కోవాల్సిందే."

అందుకే ఇప్పుడీ పదో నలుసు. జిగురు పట్టింది. పోగు నిటారుగా నిలిచింది. ఆమె కింద ఒకటి, పైన ఒకటి, కాంతిని ఆపేసేలా అడ్డఫిల్టర్లు వేసి మధ్యలో దాన్ని మెల్లగా తిప్పింది. కాల్చినవి అన్ని దిక్కులా ఒకేలా ఉండడంతో ఎటు తిప్పినా నల్లగానే ఉండేవి. ఇది వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఒక చుట్టుకి నాలుగుసార్లు.

"చూడండి సార్."

పెద్దసారు వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"దీపం సరిగ్గా లేదేమో."

"అదే దీపం కింద ఆ తొమ్మిదీ చూశాం సార్."

ఎక్స్‌రే గదిలోని ఆపరేటరు గుమ్మంలోంచే అన్నాడు. "సారుగారి ఉపన్యాసం సిద్ధమైపోయిందక్కా. పాపం, రాయికి ఆ కబురు అందలేదు."

"నువ్వూరుకో తమ్ముడూ." ఆమె పెద్దసారు వైపు తిరిగింది. "కడగడానికి ఎప్పుడు వెళ్లమంటారు సార్?"

పెద్దసారు తన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"ముందు ఆ నలుసును ఎక్స్‌రేకి ఇవ్వు."

ఆమె చీటీ మీద రాసింది: కొలిమిలో పెట్టలేదు, ద్రావకంలో రెండు రోజులు. కింద సంతకం పెట్టి, పోగునూ చీటీనీ ఆపరేటరు చేతిలో పెట్టింది.